తొలకరి నీరు వాగులోకి తీసుకుపోయేది

వర్షాకాలంలో ఏ ఊరిలో ఎంత వాన కురిసినదో రేడియోలో సెంటీమీటర్ల లెక్కన చదువుతాము. వినేవారికి ఆ అంకె కొంత తృప్తినో, కొంత నిరాశనో కలిగించి గాలిలో కలిసిపోతుంది. దానిని ఒకసారి నేలమీద పరచి చూడండి. రెండువందల గజాల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 1,670 లీటర్ల నీరు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే నూటపది బిందెలు. ఎకరం నేలమీద అదే వాన 40,000 లీటర్లు. రోహిణి కార్తె ఎండలకు వేగిపోయినవారికి ఇది వరమే. కాని మబ్బులోనుండి దిగినప్పుడు ఉన్న నిర్మలత్వం వాగులో కలిసేనాటికి ఈ నీటికి ఎంత మిగులుతున్నది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలోని ఏరులను, చెరువులను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాము.

నదీజలాలు పాడవుతున్నవనగానే మనకు ఏదో ఒక కర్మాగారపు గొట్టమో, మహానగరపు మురుగు కాలువో కళ్లకు కడుతుంది. గొట్టమంటూ ఉంటే దానిని చూపవచ్చు, యజమానిని నిలదీయవచ్చు. వాన కడిగే మాలిన్యానికి అటువంటి చిరునామా లేదు. అది ప్రతి వాకిలినుండి, ప్రతి వీధినుండి, ప్రతి చేనినుండి కొద్దికొద్దిగా బయలుదేరుతుంది. ఎవరికి వారు చూసుకుంటే లెక్కలోకి రానంత స్వల్పం. అన్నీ కలిసి ఏటిలో పడినప్పుడు అల్పం కాదు.

పూర్వం మన నేలమీద పడిన వానలో చాలా భాగం పడినచోటనే ఇంకేది. గడ్డి, పొద, చెట్టు వేరు, వదులైన మన్ను నీటి వేగాన్ని ఆపేవి. మిగిలినది తీరికగా కుంటకు, కుంట నిండితే చెరువుకు నడిచేది. ఇప్పుడు పట్టణాలలో డాబాలు, సిమెంటు వీధులు, తారు రోడ్లు, నాపరాళ్లు పరచిన ముంగిళ్లు నేలను కప్పివేసినవి. వీటిమీద పడిన వానలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు అప్పటికప్పుడే పారిపోతుంది. అంతే విస్తీర్ణం గల అడవితో పోల్చితే నగరంలోని ఒక సాధారణ వీధిఖండం నుండి ఐదు రెట్లకు మించి నీరు పారుతుందని అమెరికా దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతున్నది. నీరు ఎక్కువైనప్పుడు వేగమూ పెరుగుతుంది. వేగం పెరిగినకొద్దీ మోసుకుపోయే శక్తి పెరుగుతుంది.

ఆ శక్తికి సరిపోయినంత సరుకు మనం ముందుగానే సిద్ధం చేసి ఉంచుతాము. కార్తీకం తరువాత మన ప్రాంతాలలో పెద్ద వానలు అరుదు. ఏడు నెలలపాటు వీధిమీద పడినది పడినట్లే ఉంటుంది. పశువుల పేడ, కుక్కల మలం, కూరగాయల తొక్కలు, మాంసపు దుకాణాల వ్యర్థాలు, పాలిథీన్ సంచులు, ఇళ్ల కట్టుబడికి పోసిన ఇసుక, సిమెంటు, మరమ్మతు షెడ్ల ముందు నేలలో ఇంకిన నూనె, లారీల చక్రాలనుండి అరిగి రాలిన నల్లని పొడి, కాల్చిన చెత్త బూడిద - ఒకదానిపై ఒకటి పొరలుగా పేరుకుంటవి. మృగశిరలో తొలి వాన పడగానే ఇవన్నీ ఒకేసారి లేచి బయలుదేరుతవి. అందుచేతనే మొదటి వానలో, అందులోను ప్రారంభపు భాగంలో పారే నీరు అన్నిటికంటే మురికిది. చిన్న వీధులలో, చిన్న మోరీలలో ఈ సంగతి బాగా స్పష్టంగా కనబడుతుంది.

కావాలంటే ఇంటివద్దనే పరీక్షించవచ్చు. నాలుగు గాజు సీసాలు తీసుకొని, తొలి వాన మొదలై వీధి మోరీ పారిన వెంటనే ఒకటి, పది నిమిషాలకు ఒకటి, అరగంటకు ఒకటి, గంటకు ఒకటి నింపి, కదల్చకుండా తెల్లవారేదాకా ఒక పక్క పెట్టండి. మొదటి సీసా అడుగున నల్లని మడ్డి, పైన నూనె తెట్టు. చివరి సీసాకు వచ్చేసరికి మడ్డి పలచబడుతుంది. పిల్లలకు ఇది పాఠంగా కూడా పనికివస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మరువరాదు.

ఇక ఈ నీటి ప్రయాణం సంగతి. మన మూడు పట్టణాలూ కృష్ణా పరీవాహక ప్రాంతంలోనివే. మోరీ ఏ దిక్కుకు పారినా, మధ్యలో ఏ చెరువులో ఆగినా, చిట్టచివరకు చేరేది కృష్ణమ్మ ఒడికే. వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు నడిచి, మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కోదాడకు తూర్పున పాలేరు పారుతుంది. అదీ కృష్ణకే పోతుంది. ఆ దిగువన పులిచింతల జలాశయం, విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ, దాని కాలువలమీద బ్రతికే డెల్టా ఉన్నవి. మన వీధి మోరీకి అంతదూరపు బంధుత్వం ఉన్నది.

మూసీ పేరెత్తగానే మన జిల్లాలవారు హైదరాబాదువైపు వేలు చూపుతారు. అది న్యాయమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన కలుషిత నదీభాగాల జాబితాలో మూసీ ఉన్నది. ఆ మురుగులో ప్రధాన భాగం రాజధానిదే. సూర్యాపేట సమీపాన సోలిపేట వద్ద 1954లో ప్రారంభించి 1963లో పూర్తిచేసిన మూసీ జలాశయం ఆ నీటినే పట్టి ఆపుతున్నది. సూర్యాపేట పట్టణం ఏళ్లతరబడి ఆ మూసీ నీటిని శుద్ధిచేసుకొని తాగినది. మిషన్ భగీరథ వచ్చిన తరువాతనే కృష్ణా జలాలు ఆ కుళాయిలకు చేరినవి. కనుక ఎగువ ఊరి మురికి దిగువ ఊరికి ఎట్లా ఉంటుందో ఈ పట్టణానికి వేరే చెప్పనక్కరలేదు. అయినా సూర్యాపేటకూ దిగువ ఊళ్లున్నవి. వాడపల్లి సంగమంలో 2016 పుష్కరాలలో లక్షలమంది మునిగిన నీటిలో హైదరాబాదు వాటాతో పాటు మన వాటా కూడా కలిసియే ఉన్నది. ఈ రెండవ వాటాను గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోము.

రహదారి విషయం చూడండి. హైదరాబాదునుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడలమీదుగా సాగుతుంది. ఒక్కొక్క వైపు ఏడేసి మీటర్ల వెడల్పు గల దారి అనుకుంటే, కిలోమీటరు పొడవున ఒక సెంటీమీటరు వానకు 1,40,000 లీటర్ల నీరు పక్కకు జారుతుంది. లారీల ఇంజన్లనుండి కారిన నూనె, డీజిలు మసి, బ్రేకుల రాపిడిలో రాలిన రాగి మొదలైన లోహాల ధూళి, టైర్ల పొడిలోని జింకు దానితోపాటే పోతవి. నూనె ఎంత కొద్దిదైనా ఎంత మేర పరచుకుంటుందో లెక్క కట్టవచ్చు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మందాన తెట్టు కడితే ఒక్క లీటరు నూనె వేయి చదరపు మీటర్లు, అంటే పావు ఎకరం చెరువును కప్పుతుంది. మరమ్మతు షెడ్డులో పాత ఇంజన్ ఆయిలును గోడవారగా పారబోసే కుర్రవానికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు.

టైరు పొడి వట్టి దుమ్మే కదా అని చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా తలచినారు. అమెరికా పశ్చిమ తీరాన సియాటిల్ నగర ప్రాంతపు వాగులలో, గుడ్లు పెట్టడానికి సముద్రంనుండి ఎదురీది వచ్చే కోహో సాల్మన్ చేపలు ప్రతి పెద్ద వాన తరువాత గుడ్లు పెట్టకుండానే చచ్చి తేలేవి. కారణం ఏళ్లతరబడి అంతు చిక్కలేదు. చివరకు 2020 డిసెంబరులో పరిశోధకులు గుట్టు విప్పినారు. టైరు రబ్బరు పగుళ్లు వేయకుండా అందులో కలిపే 6పిపిడి అనే రసాయనం గాలిలోని ఓజోనుతో కలిసి మరొక పదార్థంగా మారుతుంది; వాననీటితో వాగులోకి చేరిన ఆ పదార్థమే చేపల ప్రాణం తీస్తున్నదని తేలినది. చేపలన్నిటికీ అది ఒకే విధంగా హాని చేయదు. మన కొర్రమీను, బొచ్చె చేపల విషయంలో కూడా అదే జరుగుతుందని దీనినిబట్టి చెప్పరాదు. రోడ్డుమీది నల్లని పొడిని నిరపాయమైనదని అనుకోవడానికి మాత్రం ఇక వీలులేదు.

మిర్యాలగూడ కథ వేరు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి విస్తరించినది. వరి వెంట బియ్యపు మిల్లులు వచ్చినవి. నేడు బియ్యపు మిల్లులకు మిర్యాలగూడ పెట్టినది పేరు. ఉప్పుడు బియ్యం చేయాలంటే వడ్లు నానబెట్టాలి, ఆవిరి పట్టాలి. ఆవిరికి బాయిలరులో ఊక కాలుస్తారు. ఊక బరువులో దాదాపు ఐదవ వంతు బూడిదగా మిగులుతుంది. ఈ బూడిద తేలిక. గాలికి లేస్తుంది, నీటికి తేలుతుంది. ఆరుబయట, అందులోను కాలువ గట్టుకు దగ్గరగా కుప్పపోస్తే ఒక పెద్ద వాన చాలు, దానిని తరలించడానికి. నానబెట్టిన నీటి సంగతి ఇంకొకటి. గింజలోని పిండి పదార్థం, పొట్టులోని రంగు అందులో దిగి ఉంటవి. శుద్ధిచేయకుండా గుంటలో నిలవ ఉంచినది వానకు పొంగి వాగులో పడితే, అది వాగుకు భోజనం కాదు, అజీర్ణం.

పొలాల నుండి వచ్చేది కంటికి కనబడదు. యూరియా బస్తా 45 కిలోలు. అందులో 46 పాళ్ల లెక్కన నత్రజని దాదాపు 21 కిలోలు. యూరియా నీటిలో చక్కెరవలె కరుగుతుంది. చల్లిన సాయంత్రమే కుంభవృష్టి కురిసి మడి పొర్లితే రైతు డబ్బు ఒడ్డు దాటి పోయినట్లే. భాస్వరం మట్టి రేణువులను అంటిపెట్టుకొని కదులుతుంది; కొన్ని పురుగుమందుల అవశేషాలదీ అదే తీరు. ఈ నత్రజని, భాస్వరాలు చెరువులో చేరినప్పుడు అక్కడి నాచుకు, గుర్రపుడెక్కకు ఎరువవుతవి. వరికోసం కొన్న ఎరువుతో గుర్రపుడెక్కను పెంచి, మళ్లీ దానిని తీయించడానికి పంచాయతీ కూలి ఇస్తున్నది.

మృగశిర కార్తెనాడు చేపలు తినడం తెలంగాణలో తరతరాల ఆచారం. ఇంచుమించు అదే కాలంలో తొలి వానకు చెరువులలో చేపలు తెల్లగా తేలడం కూడా ప్రజలు చూస్తూనే ఉంటారు. ఎవరో విషం కలిపినారని అనుమానం పుడుతుంది. ఒక్కొక్కసారి తగవులు కూడా వస్తవి. చాలా సందర్భాలలో జరిగేది ఇది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు సహజంగానే తక్కువ కరుగుతుంది. ముప్పై డిగ్రీల వేడిమిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. వేసవి చివర చెరువు అడుగంటి ఉంటుంది. అటువంటప్పుడు పేడ, కుళ్లిన ఆకు, మురుగు ఒక్కసారిగా వచ్చిపడితే వాటిని జీర్ణించుకునే సూక్ష్మజీవులు ఉన్న ప్రాణవాయువును తోడివేస్తవి. అడుగు బురద కూడా కలబడి పైకి లేస్తుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకంటే తగ్గినదంటే చేపలకు కష్టకాలమే. తెల్లవారుజామున, ఎండ రాకముందు, పరిస్థితి అన్నిటికన్నా విషమం. అందుకే చేపలు ఉదయాన చచ్చి కనబడతవి. మత్స్యకార కుటుంబానికి ఏడాది పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది; కేసు పెట్టడానికి ఎదుట మనిషి ఉండడు.

మనుష్యులకు వచ్చే ముప్పు ఇంకొక దారిన వస్తుంది. మోరీ పక్కనుండో, మోరీలోనుండో మంచినీటి గొట్టం పోవడం మన ఊళ్లలో వింత కాదు. నీరు వదిలినంతసేపు గొట్టంలోని ఒత్తిడి బయటి మురికిని రానివ్వదు. నీరు ఆపిన తరువాత ఒత్తిడి పడిపోయి, చిల్లి ఉన్నచోట చుట్టూ నిలిచిన వరదనీరు లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు ప్రబలడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. ఆ రోజులలో కుళాయినుండి మొదట వచ్చే నీటిని తాగడానికి పట్టకుండా, తరువాతి నీటిని మరగకాచి తాగడం మంచిది.

పెద్ద వరద వస్తే ఏరు కడుగుకుపోయి శుభ్రపడుతుందని ఒక నమ్మకం ఉన్నది. 2024లో ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానలకు కోదాడ వీధులు మునిగినవి. నల్లబండగూడెం వద్ద పాలేరు పొంగి జాతీయ రహదారిమీద రాకపోకలు ఆగిపోయినవి. అంతటి ప్రవాహంలో మాలిన్యం పలచబడే మాట నిజం. కాని పలచబడడం వేరు, లేకుండా పోవడం వేరు. వరద తీసిన తరువాత ఇళ్లలో, బావులలో, పొలాలలో మిగిలే ఆ నల్లని ఒండ్రు ఏమిటి? మిగిలినది జలాశయాల అడుగున చేరి ఉంటుంది. లోహాలు, ప్లాస్టిక్ తునకలు అక్కడ కుళ్లి మాయం కావు.

మన పూర్వులకు ఈ రసాయనాలేవీ తెలియవు; అయినా వారు అమర్చిన ఒక ఏర్పాటు ఈ పనికి చక్కగా అక్కరకు వచ్చేది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలు చూడబోయినవారు అక్కడి చెరువును కూడా చూసే ఉంటారు. ఒక చెరువు మత్తడి పోసిన నీరు మరొక చెరువుకు, అది నిండితే ఇంకొకదానికి - ఈ గొలుసుకట్టులో పరుగెత్తే నీరు ప్రతి మెట్టులోను నిలబడి, మోసుకువచ్చిన మట్టిని దించి, తేరిన తరువాత ముందుకు సాగేది. వేసవిలో ఆ ఒండ్రును రైతులు బండ్లతో పొలాలకు తోలుకునేవారు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తరలించినది ఈ పద్ధతిలోనే. ఇప్పుడు పట్టణానికి దిగువన ఉన్న చెరువులో దిగేది వట్టి ఒండ్రు కాదు. దానిని పొలానికి తోలేముందు పరీక్ష చేయించవలసిన రోజులు వచ్చినవి. చెరువు కట్టలను ఉద్యానాలుగా తీర్చిదిద్దడం కంటికి ఇంపే. సూర్యాపేట సద్దల చెరువు కట్టమీద సాయంత్రం నడిచేవారికి ఆ హాయి తెలుసు. అయితే కట్టకంటే ఎగువ భాగం, నీరు లోపలికి వచ్చే దారి, ముఖ్యం. అక్కడ గడ్డి, తుంగ పెరగనిచ్చి, నీరు కాసేపు నిలిచేందుకు ఒక గుంట ఏర్పరిస్తే చాలా మడ్డి అక్కడే ఆగుతుంది. శిఖం భూమి ఆక్రమించి ఇళ్లు కట్టినచోట ఆ అవకాశమే లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మన దేశంలో జలకాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చినది; అది ప్రధానంగా మురుగు, పరిశ్రమల వ్యర్థజలాల మీద దృష్టి నిలిపినది. అమెరికాలో కూడా 1972 చట్టానికి 1987లో చేసిన సవరణతో గాని వాననీటి కాలువలు స్పష్టంగా దాని కిందికి రాలేదు. వాననీటి పారుదలపై మన కేంద్ర ప్రభుత్వం 2019లో ఒక సమగ్ర మార్గదర్శిని వెలువరించినది. దానిని చదివి పని చేయించవలసినది పురపాలక సంఘాలు. సింగపూరు దేశం మరొక మెట్టు పైకి పోయినది. అక్కడి భూమిలో మూడింట రెండు వంతులమీద పడిన వానను పట్టి, శుద్ధిచేసి, తాగుతారు. 2008లో ప్రారంభించిన మెరీనా బ్యారేజీ నగరం నడిబొడ్డున పడిన వాననే ఆపుతున్నది. వీధిలో పడవేసినది రేపు గ్లాసులోకి వస్తుందని తెలిసినవారు వీధిని ఊడ్చే తీరు వేరుగా ఉంటుంది.

మన ఊళ్లలో చేయగలిగిన పనులకు పెద్ద ఖర్చు లేదు; వాటికి కావలసినది వేళ పాటింపు. రోహిణి కార్తె ముగిసేలోగా వీధులు, డాబాలు పొడిగా ఊడ్చి ఆ చెత్తను తరలించాలి. నీళ్లు పోసి కడిగితే అదే మాలిన్యాన్ని మన చేతులతో మోరీలోకి పంపినట్లు. మోరీలలో పూడిక తీయడం ప్రతి ఏటా జరుగుతూనే ఉన్నది. తీసిన మడ్డిని మోరీ అంచుననే కుప్పపోసి, ఆరిన తరువాత ఎత్తుతామని వదిలిపెట్టడం కూడా ప్రతి ఏటా జరుగుతున్నది. ఈలోగా వాన వచ్చి ఆ కుప్పను యథాస్థానానికి చేరుస్తుంది. తీసిననాడే ఎత్తించాలని వార్డు సభ్యుని అడగడానికి పౌరులకు హక్కు ఉన్నది. వాడిన ఇంజన్ ఆయిలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, శుద్ధిచేసే అనుమతి గలవారికే అప్పగించాలి. మిల్లు బూడిదకు పైకప్పు, చుట్టూ చిన్న కట్ట ఉండాలి. యూరియా చల్లబోయే రైతు ఆనాటి వాతావరణ సూచన వినడం మంచిది. భారీ వాన ఉన్నదంటే రెండు రోజులు ఆగితే బస్తా మిగులుతుంది.

ఇళ్లవారికి ఒక హెచ్చరిక. డాబామీది నీటిని ఇంకుడుగుంతలోకి మళ్లించడం ఎంతో ఉపయోగకరం. మొదటి రెండు మూడు వానలలో ప్రారంభపు నీటిని పక్కకు వదిలి, డాబా కడిగిన తరువాతనే గుంతకు పట్టాలి. గుంతను మరుగుదొడ్డి గోతికి, బోరుబావికి దూరంగా తవ్వాలి. కొందరు ఉత్సాహంకొద్దీ వీధి నీటిని నేరుగా ఎండిపోయిన బోరు గొట్టంలోకి వదులుతున్నారు. ఇది చేయరాని పని. మట్టి పొరలలో వడగట్టబడవలసిన మురికి తిన్నగా భూగర్భజలంలోకి దిగుతుంది. ఒకసారి దిగినదానిని మళ్లీ పైకి తీసే ఉపాయం సామాన్యులకు లేదు. అటువంటి బోరు నోటికి మూత వేయించి, ఇసుక, గులకరాళ్లు నింపిన గుంతను దానికి ఎడంగా తవ్వించుకోవాలి.